పిల్లల టెలిస్కోపు, మైక్రోస్కోపు సెట్టు: వానాకాలంలో మొదలుపెట్టి కార్తీకం దాకా

టెలిస్కోపు, మైక్రోస్కోపు రెండూ ఒకే పెట్టెలో పెట్టి పిల్లలకని అమ్మే సెట్లు ఇప్పుడు ఆర్డరు పెడితే ఆమదాలవలసకైనా సాలూరుకైనా ఇంటికే వచ్చేస్తున్నాయి. పుట్టినరోజుకో, మంచి మార్కులకో కొంటారు. పెట్టె విప్పిన రాత్రే పిల్లలు డాబా మీదికి పరుగెడతారు. ఆ రోజు మబ్బు పట్టి ఉంటుంది. మబ్బు లేకపోయినా గొట్టం చందమామ వైపు ఓ పట్టాన తిరగదు, తిరిగినా వణుకుతుంది. కొన్నాళ్ళకు పెట్టె అటకెక్కుతుంది.

ఇందులో చాలావరకు తప్పు వస్తువుది కాదు, వరసది. మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో జూన్ నుంచి అక్టోబరు దాకా రాత్రి ఆకాశాన్ని నమ్ముకోలేం. ఆ తర్వాతా తుపానుల భయం ఉండనే ఉంటుంది, 2018లో తిత్లీ వచ్చింది దసరా నవరాత్రుల్లోనే. అందుకే నా సలహా ఇది: మైక్రోస్కోపుతో మొదలుపెట్టండి. టెలిస్కోపును ముందు పగటిపూట అలవాటు చేయండి. కార్తీకం వచ్చాక దాన్ని ఆకాశం వైపు తిప్పండి. రెండింటిలో ఒకటే కొనగలిగితే మైక్రోస్కోపే కొనండి. దానికి వాన, వెన్నెల, వీధిలైటు ఏవీ అడ్డు కావు.

కొనేముందు పెట్టె మీద ఏం చదవాలి

'1200 రెట్లు' అని పెద్ద అక్షరాల్లో ఉంటే దాన్ని పక్కన పెట్టి చిన్న అక్షరాలు చదవండి. టెలిస్కోపుకు అసలు కావలసినవి రెండే అంకెలు: ముందు లెన్స్ వ్యాసం, దాని ఫోకల్ లెంగ్త్ (లెన్స్ నుంచి బొమ్మ తేటగా కుదిరే చోటికి దూరం). పిల్లల సెట్లలో తరచుగా కనిపించేది 50 మిల్లీమీటర్ల లెన్స్, 360 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్. ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో మీరే లెక్క కట్టొచ్చు. ఆ 360ని ఐపీస్ మీద, అంటే కన్ను ఆనించి చూసే చిన్న లెన్స్ గొట్టం మీద, రాసి ఉన్న అంకెతో భాగించండి. 20 ఐపీస్ పెడితే 18 రెట్లు, 6 ఐపీస్ పెడితే 60 రెట్లు. లెన్స్ వ్యాసం మిల్లీమీటర్లలో ఎంతో, దానికి రెట్టింపును పై హద్దుగా చెబుతారు. అంటే 50 మి.మీ. లెన్స్‌కు 100 రెట్లు. అదీ మంచి గాజు అయితేనే. ఈ సెట్లలో 60 దాటితే బొమ్మ పెద్దదవుతుంది గానీ మసకబారుతుంది. బార్లో లెన్స్ అని అదనంగా ఇచ్చే గొట్టాన్ని పెట్టెలోనే ఉంచేయండి.

కాస్త ఎక్కువ ఖర్చు పెట్టగలిగితే 70 మి.మీ. టెలిస్కోపు విడిగా కొనడం మేలు. 50తో పోలిస్తే దాదాపు రెట్టింపు వెలుగు పట్టుకుంటుంది. అంతకంటే ముఖ్యం, సాధారణంగా దాని స్టాండు నిలబడుతుంది.

మైక్రోస్కోపుకు 40, 100, 400 రెట్లు చాలు. ఐపీస్ మీది అంకెను కింద తిరిగే లెన్స్ మీది అంకెతో గుణిస్తే ఈ లెక్క వస్తుంది. మామూలు వెలుగుతో ఎంత ఖరీదైన మైక్రోస్కోపు అయినా 0.2 మైక్రాన్ల కంటే, అంటే మిల్లీమీటరులో అయిదువేలవ వంతు కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని విడదీసి చూపలేదు. పిల్లల మైక్రోస్కోపు అక్కడికి దరిదాపుల్లో కూడా ఉండదు. ఇక 1200 రెట్లు దేనికి? అంకెల బదులు స్టేజీకి, అంటే స్లైడు పెట్టే పలకకు, క్లిప్పులు ఉన్నాయా, ఫోకస్ చక్రం మెత్తగా తిరుగుతోందా, లైటుకు మామూలు బ్యాటరీలు పడతాయా చూడండి. గాజు లెన్సులు, లోహపు శరీరం కావాలంటే స్కూళ్ళకు సైన్సు పరికరాలు తయారుచేసే అంబాలా సరుకు చూడండి, స్టూడెంట్ మైక్రోస్కోపు అని అడగాలి. మరీ చవకలో కావాలంటే ఫోల్డ్‌స్కోప్ ఉంది. స్టాన్‌ఫోర్డ్‌లో మను ప్రకాశ్ బృందం తయారుచేసిన కాగితపు మైక్రోస్కోపు అది, 140 రెట్లు చూపిస్తుంది.

ఆరేళ్ళ లోపు పిల్లలకు ఇవేవీ వద్దు, మంచి భూతద్దం ఇవ్వండి. ఎనిమిదేళ్ళు దాటితే మైక్రోస్కోపు సొంతంగా వాడగలరు. స్లైడు మీద నమూనాను కప్పే పలుచటి గాజు కవర్‌స్లిప్ విరిగితే చర్మంలో దిగుతుంది కాబట్టి చిన్నవాళ్ళకు ప్లాస్టిక్‌వి తెప్పించండి.

మైక్రోస్కోపు: మొదటి గంట

కదలని బల్ల కావాలి. మంచం మీద, ఒళ్ళో పెట్టుకుని చూస్తే పని జరగదు. లైటు బదులు అద్దం ఉన్న రకమైతే కిటికీ దగ్గర ఆకాశపు వెలుతురు పడేలా అద్దం తిప్పండి. నేరుగా సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పకూడదు, కన్ను పోతుంది.

ముందు ఏ నీటి చుక్కో కాకుండా, పేపరులో చిన్న అచ్చక్షరం ఉన్న ముక్క కత్తిరించి స్లైడు మీద పెట్టండి. అన్నిటికంటే తక్కువ రెట్ల లెన్స్ తిప్పండి. పక్కనుంచి చూస్తూ లెన్స్‌ను స్లైడుకు బాగా దగ్గరగా తీసుకురండి, తగలనివ్వొద్దు. ఇప్పుడు కన్ను ఐపీస్ దగ్గర పెట్టి, లెన్స్ దూరం జరిగే వైపు మాత్రమే చక్రం నెమ్మదిగా తిప్పండి. ఒక చోట అక్షరం తేటగా కనిపిస్తుంది. ఈ ఒక్క అలవాటు పడితే స్లైడులు పగలవు, లెన్స్ గీరుకుపోదు. అక్షరం తలకిందులుగా కనిపిస్తుంది. స్లైడును కుడికి జరిపితే బొమ్మ ఎడమకు పోతుంది. దాంతో కాసేపు ఆడుకోనివ్వండి, చేతికి అదే అలవాటవుతుంది. తక్కువ రెట్లలో దొరికిన దాన్ని మధ్యకు తెచ్చాకే పెద్ద లెన్స్‌కు వెళ్ళాలి. నేరుగా 400కు పోయే పిల్లలకు ఖాళీ వెలుగు తప్ప ఏమీ కనపడదు.

తర్వాత ఉల్లిపాయ. పాయ లోపలి వంపు వైపు ఉండే పలుచటి పొరను గోటితో లాగితే వస్తుంది. గోరంత ముక్క చాలు. స్లైడు మీద నీటి చుక్క వేసి పొరను మడత పడకుండా పరవండి. టించర్ అయోడిన్ గానీ బెటడిన్ గానీ నీళ్ళలో పలుచగా కలిపి ఒక చుక్క వేయండి. కవర్‌స్లిప్‌ను ఒక అంచు ఆనించి, రెండో అంచును సూది మీద నిలిపి మెల్లగా దించండి. అమాంతం వేస్తే గాలి బుడగలు చిక్కుకుంటాయి. నల్లటి మందపు అంచుతో, చక్కటి గుండ్రంగా కనిపించేది ఏదైనా అది గాలి బుడగే. పిల్లలు దాన్నే ముందు కణం అనుకుని కేకలేస్తారు. అసలు కణాలు పొడుగ్గా, వరసగా, గోడలతో ఉంటాయి. రంగు పట్టాక లోపల గోధుమరంగు చుక్కలా కేంద్రకం కనిపిస్తుంది.

మన ఊళ్ళ సరుకే మంచి సరుకు

సెట్టుతో వచ్చే తయారు స్లైడులు ఒకసారి చూసి పక్కన పెట్టేయొచ్చు. తాము తెచ్చినదాన్ని తాము చూసుకోవడంలోనే పిల్లలకు ఆసక్తి.

మొదట పొందూరు ఖద్దరు. పాత పంచె అంచు నుంచో, చిరుగు నుంచో ఒక పోగు లాగండి. దాన్ని రెండు సూదులతో విప్పి, విడి నూలును నీటి చుక్కలో వేసి 100 రెట్లలో చూడండి. పక్కనే ఇంకో స్లైడు మీద స్కూలు యూనిఫాం నుంచి తీసిన పాలిస్టర్ పోగు పెట్టండి. పత్తి నార బల్లపరుపుగా ఉండి, మెలి తిప్పిన రిబ్బనులా అక్కడక్కడా మెలికలు పడి ఉంటుంది. పాలిస్టర్ తిన్నగా, నున్నగా, ఎక్కడ చూసినా ఒకే లావుతో ఉంటుంది. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారని పిల్లలకు చెప్పండి. ఆ దువ్వెన పళ్ళు ఎంత సన్నటి నారల మధ్య నుంచి పోవాలో మైక్రోస్కోపులో చూశాక వాళ్ళకే అర్థమవుతుంది. విజయనగరం వైపు వాళ్ళకైతే గోనెసంచి నార కూడా అందుబాటులోనే ఉంది. పత్తి పక్కన పెట్టి చూస్తే రెండూ ఎంత వేరో తెలుస్తుంది. షాపువాళ్ళు కాటన్ అని అమ్మిన చొక్కాల మీద పిల్లలు దర్యాప్తు మొదలుపెడితే అది మీ తిప్పలు.

రెండోది ఉప్పు. నౌపడ కల్లుప్పు చిటికెడు నీళ్ళలో కరిగించి ఒక చుక్క స్లైడు మీద వేసి, కవర్‌స్లిప్ లేకుండా 40 రెట్లలో పెట్టండి. ఫ్యాను గాలికి అంచుల నుంచి ఆరుతూ వస్తుంటే చతురస్రపు స్ఫటికాలు కళ్ళముందే పుడతాయి. తర్వాత బారువ నుంచో చింతపల్లి బీచ్ నుంచో సీసాలో తెచ్చిన సముద్రపు నీటితో ఇదే చేయండి. చతురస్రాలతో పాటు సన్నటి సూదులు కూడా కనిపిస్తే అవి జిప్సం. ఉప్పునీరు ఒలికితే లెన్స్ పాడవుతుంది, అందుకే ఇక్కడ పెద్ద లెన్స్ వాడొద్దు.

ఇసుక ఇంకా బాగుంటుంది, కానీ దానికి కిటుకు ఉంది. ఈ మైక్రోస్కోపుల్లో వెలుగు కిందనుంచి వస్తుంది కాబట్టి ఇసుక రేణువులు చాలావరకు నల్లటి నీడల్లా కనిపిస్తాయి. కింది లైటు ఆపేసి, టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేయండి. కళింగపట్నం తీరపు ఇసుకలో గాజులా ఉండేది క్వార్ట్‌జ్, ఎర్రగా గులాబీగా మెరిసేది గార్నెట్, నల్లగా ఉండేది ఎక్కువగా ఇల్మనైట్. శ్రీకాకుళం నుంచి భీమిలి దాకా మన తీరపు ఇసుకకు ఈ ఖనిజాల వల్లే అంత పేరు. అదే రోజు నాగావళి ఇసుక కూడా పక్క స్లైడు మీద పెట్టి, ఏ రేణువుల అంచులు ఎక్కువ అరిగాయో పిల్లల్నే చెప్పమనండి.

చెరువు నీళ్ళ విషయంలో చాలామంది తేట నీళ్ళు తెచ్చి ఏమీ లేదంటారు. గుర్రపుడెక్క వేళ్ళను గిన్నెలో పిండండి, లేదా రాయి మీది నాచును కొద్దిగా గోకండి. ఆ నీళ్ళలో పారమీషియాలు, రోటిఫర్లు, ఆకుపచ్చ పట్టీ మెలికలు తిరిగి ఉండే స్పైరోగైరా దొరుకుతాయి. జీవులు చకచకా తిరుగుతూ కంటికి ఆనకపోతే చుక్కలో రెండు మూడు దూది నారలు వేయండి, వాటి మధ్య చిక్కుకుని నెమ్మదిస్తాయి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగించాలి.

ఆకు ఊపిరి రంధ్రాలు చూడాలంటే నున్నటి ఆకు వెనుకవైపు రంగులేని గోళ్ళ రంగు పూసి, బాగా ఆరాక పారదర్శకమైన టేపుతో ఊడదీసి, ఆ టేపును స్లైడు మీద అంటించండి. ఆకు కాదు, దాని అచ్చు కనిపిస్తుంది. అదే చాలు.

పెరుగులో బాక్టీరియా చూపిస్తామని మాత్రం మాటివ్వకండి. 400 రెట్లలో అవి కనిపించీ కనిపించని నలకలు. రక్తం కోసం వేళ్ళు గుచ్చుకోవడం అసలే వద్దు.

కొలవడం నేర్పండి

ఎంత పెద్దగా కనిపించిందన్న దానికంటే అది నిజంగా ఎంత ఉందన్నదే మంచి ప్రశ్న. పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలును స్టేజీ మీద పెట్టి, 40 రెట్లలో గుండ్రటి వెలుగు అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లుందో చూడండి. నాలుగు అనుకుందాం. 100 రెట్లకు వెళితే అది 40/100 వంతుకు తగ్గుతుంది, అంటే 1.6 మి.మీ. ఆ వెడల్పులో ఉల్లి కణాలు ఎన్ని పట్టాయో లెక్కపెట్టి భాగిస్తే ఒక్కో కణం పొడవు వస్తుంది. ఆరో తరగతి పిల్లలు ఇది హాయిగా చేయగలరు. నోట్‌బుక్కులో గిన్నె బోర్లించి వృత్తం గీసి, అందులో చూసినదాన్ని పెన్సిలుతో వేయమనండి. పక్కన తేదీ, ఎన్ని రెట్లు, ఎక్కడి నమూనా అన్నవి రాయాలి. ఫోన్ ఫోటో తర్వాతి సంగతి.

టెలిస్కోపు: ముందు పగలు

గొట్టం పక్కన గురి చూసుకోవడానికి ఉండే చిన్న గొట్టం ఫైండరు. దాన్ని సరిచేయకుండా రాత్రి బయటికి వస్తే చందమామ కూడా దొరకదు. పగలు దూరంగా కదలకుండా ఉండేది ఒకటి ఎంచుకోండి, సెల్‌టవరు కొసో, నీళ్ళ ట్యాంకు అంచో. కనీసం అర కిలోమీటరు దూరం ఉండాలి. 20 ఐపీస్‌తో దాన్ని మధ్యకు తెచ్చి స్టాండు బిగించండి. ఇప్పుడు ఫైండరు మరలు తిప్పుతూ అదే కొస దాని మధ్యకు వచ్చేలా చేయండి. 6 ఐపీస్ పెట్టి మళ్ళీ సరిచూడండి.

వణుకుడు ఈ సెట్లకు పుట్టుకతో వచ్చిన జబ్బు. స్టాండు కాళ్ళు పూర్తిగా సాగదీయకుండా పొట్టిగా ఉంచి, చూసేవాళ్ళు పీట మీద కూర్చోవాలి. మూడు కాళ్ళ మధ్య నుంచి ఇసుక నింపిన సంచి వేలాడదీయండి. బల్ల మీద పెట్టే బుల్లి స్టాండు అయితే సిమెంటు అరుగు మీద పెట్టండి. ఫోకస్ తిప్పాక చేయి తీసేసి రెండు క్షణాలు ఆగి చూడమని చెప్పండి.

పగటి పనికి మన దగ్గర అదృష్టం పక్షులు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో శీతాకాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చింతచెట్ల మీద గూళ్ళు పెట్టుకుంటాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు. 18 రెట్లకు మించి వాడకండి. గూళ్ళ కిందికి వెళ్ళకుండా, అరవకుండా దూరం నుంచే చూడాలి, టెలిస్కోపు ఉన్నదే అందుకు. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, అది కనిపిస్తే ఫోకస్ సరిగ్గా కుదిరినట్టే.

సూర్యుడి వైపు వద్దు

ఇది నియమం, మినహాయింపు లేదు. కొన్ని సెట్లలో ఐపీస్‌కు బిగించే నల్లటి 'సన్ ఫిల్టర్' ఇస్తారు. వేడంతా అక్కడే పోగవుతుంది, అది చిట్లితే మరుక్షణం కన్ను పోతుంది. దాన్ని పగలగొట్టి పారేయండి. టెలిస్కోపును మూత లేకుండా ఎండ తగిలే కిటికీ దగ్గర వదిలినా నిప్పు అంటుకోవచ్చు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని విశాఖపట్నంలో తమ అబ్జర్వేటరీ నుంచి ఎ.వి. నరసింగరావు గమనించారు. ఆయనది ఆరంగుళాల టెలిస్కోపు, దానికి తగ్గ ఏర్పాట్లు వేరు.

సూర్యుణ్ణి గమనించే పని మాత్రం టెలిస్కోపు లేకుండానే ఉంది. అరసవల్లి సూర్యదేవాలయంలో మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదటి రోజుల్లో తెల్లవారి కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. ఆ రెండు సార్లే ఎందుకు? మార్చి 20, సెప్టెంబరు 23 ప్రాంతాల్లో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయిస్తాడు. అరసవల్లి రోజులు మొదటిదానికి పది రోజుల ముందు, రెండోదానికి పది రోజుల తర్వాత. రెండుసార్లూ సూర్యుడు తూర్పుకు కాస్త దక్షిణంగా ఒకే చోట పొడుస్తాడు. తూర్పు గోడ మీద కిటికీలోంచి పొద్దున్నే పడే ఎండ ఎక్కడిదాకా వచ్చిందో నెలకోసారి సుద్దతో గుర్తు పెట్టమంటే ఈ సంగతి పిల్లలే పట్టేస్తారు.

కార్తీకం వచ్చాక

చందమామతో మొదలు. ఏ రోజు చూడాలో ఇంట్లో క్యాలెండరే చెబుతుంది. శుద్ధ పంచమి నుంచి దశమి దాకా మంచి రోజులు, అష్టమి అన్నిటికంటే మంచిది. వెలుగు చీకట్లు కలిసే గీత వెంట బిలాల నీడలు పొడుగ్గా పడతాయి. పున్నమినాడు వెలుగు ఎదురుగా పడి నీడలుండవు, అంతా చదునుగా కనిపిస్తుంది. 18 రెట్లలో మొత్తం బింబం, 60లో గొట్టం నిండా చంద్రుడు. 60 రెట్లలో భూమి తిరుగుడు వల్ల చంద్రుడు రెండు మూడు నిమిషాల్లో పక్కకు జారిపోతాడు. పాడైపోయిందని పిల్లలు కంగారుపడతారు, కారణం ముందే చెప్పండి.

చంద్రయాన్ కనిపిస్తుందా అని తప్పకుండా అడుగుతారు. 2023 ఆగస్టు 23న దిగిన చోటు దక్షిణపు అంచు దగ్గరుంది, ఆ ప్రాంతం చూపించొచ్చు. కానీ 50 మి.మీ. లెన్స్‌లో చంద్రుడి మీద నాలుగైదు కిలోమీటర్ల కంటే చిన్నది విడిగా కనపడదు.

గురుడు ఎక్కడున్నాడో పంచాంగంలో రాశి చూస్తే తెలుస్తుంది. గురుడు రాశి మారితే పుష్కరాలు వచ్చేది అందుకే కదా. 18 రెట్లలోనే పక్కన వరసగా నాలుగు చుక్కలు, ఒక్కోసారి మూడు కనిపిస్తాయి. 1610 జనవరిలో గెలీలియో సుమారు 20 రెట్ల టెలిస్కోపుతో చూసినవి ఇవే. రోజూ వాటి స్థానాలు గీయిస్తే అవి తిరుగుతున్నట్టు తేలుతుంది. శని వలయాలు 60 రెట్లలో కనిపిస్తాయి, కానీ 2025 మార్చిలో వలయాలు మనవైపు అంచుగా తిరిగాయి కాబట్టి ఇంకొన్నాళ్ళు సన్నగానే ఉంటాయి.

నక్షత్రాలు ఎన్ని రెట్లు చేసినా చుక్కలే. ఇది ముందే చెప్పకపోతే నిరాశపడతారు. అందుకే గుంపుల్ని, జంటల్ని చూపించండి. కార్తీకంలో చీకటి పడగానే తూర్పున లేచే కృత్తికలు కంటికి ఆరో ఏడో, 18 రెట్లలో డజన్లు. చైత్ర, వైశాఖాల్లో ఉత్తరాన సప్తర్షులు వస్తారు. పెళ్ళిలో పట్టపగలు చూపించే అరుంధతి నిజంగా కనిపించేది అప్పుడే. వసిష్ఠుడి పక్కన అరుంధతి మామూలు కంటికే ఆనుతుంది. 60 రెట్లలో చూస్తే వసిష్ఠుడే రెండుగా విడిపోతాడు. ధ్రువుడి కోసం మరీ పైకి చూడకండి. మన అక్షాంశం సుమారు 18 డిగ్రీలు, ఆయన ఉత్తరాన అంతే ఎత్తులో ఉంటాడు. చాచిన చేతి పిడికిలి పది డిగ్రీలు అనుకుంటే, రెండు పిడికిళ్ళకు కాస్త తక్కువ.

పగలంతా కాగిన డాబా రాత్రి వేడి వదులుతుంది, బొమ్మ అలల్లా కదులుతుంది. పెరటి మట్టినేల మేలు. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలివ్వండి. వీధిలో కరెంటు పోతే విసుక్కోకుండా బయటికి రండి.

తేమ, బూజు

తీరం దగ్గర లెన్సుల ప్రాణం తీసేది వాడకం కాదు, దాచిపెట్టడం. బీరువాలో నెలల తరబడి ఉంచితే గాజు మీద సాలెగూడు దారాల్లా బూజు పడుతుంది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. వానాకాలంలో పదిహేను రోజులకోసారి తీసి నీడలో గాలి తగలనివ్వండి. మంచు పడిన రాత్రి తడిసిన టెలిస్కోపును వెంటనే మూత పెట్టి దాచకూడదు, ఆరాకే పెట్టాలి. దుమ్ముకు ముందు గాలి పంపు, ఆ తర్వాత అవసరమైతేనే లెన్స్ కాగితం. తువ్వాలు, చీర కొంగు తగలనివ్వొద్దు. ఐపీస్‌లో బూజు పడితే విప్పి కడిగే ప్రయత్నం చేయకుండా కొత్త ఐపీస్ కొనుక్కోండి. కొనేటప్పుడు గొట్టం వ్యాసం 0.965 అంగుళాలా, 1.25 అంగుళాలా అన్నది కొలిచి చూసుకోండి, ఒకదాని ఐపీస్ ఇంకోదానికి పట్టదు.